కిలోకి గుప్పెడు ఆకు

మిల్లు క్యాంటీన్, సామాన్ల గది
ఫిబ్రవరి 10

పిట్ట మరదలికి వదిన ఆశీస్సులు.

బతికున్నావా అని అడగను. బాగుంటే నువ్వే ఉత్తరం రాసేదానివి, ఏదైనా అయి ఉంటే మాకు కబురొచ్చేది. రెండూ లేవు కాబట్టి మధ్యలో ఎక్కడో ఉన్నావని మీ అన్నయ్యతో అన్నాను. ఆయన లారీ అద్దం తుడుచుకుంటూ, అది చిన్నప్పటి నుంచీ అంతే అని తేల్చేశారు. ఆయన కళ్ళకి నువ్వింకా రెండు జడల పిల్లవే.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నీ గొంతు వింటే నాకు ఏడుపొస్తుంది, నా ఏడుపు విని నువ్వు పెట్టేస్తావు. ఉత్తరమైతే ఎవరి ఏడుపు వాళ్ళింట్లోనే ఉంటుంది.

ఇక అసలు సంగతి. మా మిల్లుకి కొత్త మేనేజరు వచ్చాడు. చొక్కా నలగని మనిషి. పనివాళ్ళకి కొవ్వు తక్కువ తిండి పెట్టాలట, టర్కీ కోడి మాంసంతో బర్గర్లు చెయ్యాలట. ఏప్రిల్ ఇరవైన మిల్లు పెద్దలంతా కూర్చుని రుచి చూస్తారు. నచ్చితే వంటగది నా చేతిలో ఉంటుంది, నచ్చకపోతే పెద్ద గరిటె ఇంకొకరికి ఇస్తానని మొహం మీదే చెప్పాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ గరిటె పట్టుకుని ఉన్నాను. మీ అన్నయ్య నెలకి ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటారు. ఆ వంటగది కూడా లేకపోతే నేనెక్కడికి వెళ్ళి ఎవరి మీద అరవాలి చెప్పు.

టర్కీ మాంసం నేనెప్పుడూ ముట్టుకోలేదు. దానికి సొంత రుచి తక్కువ, అంతా వేసే ఆకుల్లోనే ఉందంటున్నారు. అందుకని వంటగది వెనక పంపు పక్కన మడులు చేసి పార్స్లీ, థైమ్, సేజ్ అనే సీమ వాసన ఆకులు, ఉల్లికాడలు వేశాను. నీకూ ఒక్కోటీ రెండేసి కొమ్మలు తడిగుడ్డలో చుట్టి పంపుతున్నాను. నీ పెరట్లో నాటుకో. అరకిలో ఖైమా తెచ్చి చేసి చూడు. ఏ ఆకు ఎంత వేస్తే ఏ వాసన వచ్చిందో, పెనం మీద ఎలా ఉందో, నోట్లో పెట్టుకున్నాక ఎలా ఉందో అంతా పూసగుచ్చినట్టు రాయి. ఇక్కడ మూడు వందల మంది వంట, పొగ, ఆవిరి, దేని వాసన ఏదో తెలిసి చావదు. నా చేతి కింద ఒక అమ్మాయి ఉంది, దాన్ని అడగొచ్చు. కానీ అడిగిన మాట సాయంత్రానికల్లా మేనేజరు చెవిలో పడుతుంది.

నా జ్వరం తగ్గింది. తమ్ముణ్ణి, అదే మీ ఆయన్ని, అడిగానని చెప్పు.

మీ వదిన

* * *

గ్రంథాలయం, బైండింగు గది
ఫిబ్రవరి 23

వదినా,

బతికే ఉన్నాను. పని ఎక్కువైంది, అంతే. నీ పార్సెల్ ఇంటికెళ్ళి అక్కడా ఇక్కడా తిరిగి ఐదో రోజుకి నా చేతికొచ్చింది. మా వీధిలో పోస్టు సరిగ్గా రావడం లేదు, ఇకనుంచి ఈ గ్రంథాలయం చిరునామాకే రాయి.

కొమ్మలు పెరట్లో కుళాయి పక్కన నాటాను. ఆదివారం బర్గర్లు చేశాను. థైమ్ ఆకు వేడి తగలగానే మొదట నిమ్మతొక్క వాసన ఇచ్చి, తర్వాత ఎండలో కాగిన రాతిగోడ వాసనలోకి దిగుతుంది. పార్స్లీ పచ్చిగా, చల్లగా, మాంసం బరువుని తేలిక చేస్తుంది. ఉల్లికాడ చివర్లో వెయ్యాలి, ముందే వేస్తే ఘాటు పోయి తీపి మిగులుతుంది. ఆయన రెండు తిన్నారు. మూడోది కూడా తినేవారే, నేనే వద్దన్నాను.

సేజ్ ఇంకా వెయ్యలేదు, ఆకు చిన్నగా ఉంది. అన్నయ్యని జాగ్రత్తగా నడపమను.

నీ మరదలు

* * *

మిల్లు క్యాంటీన్, సామాన్ల గది
మార్చి 8

పిట్టా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎండలో కాగిన రాతిగోడ అట. కాఫీ కాచమంటే గిన్నె మాడబెట్టేదానివి, ఇంత ముక్కు నీకెక్కడిదే? పుస్తకాలు కుట్టీ కుట్టీ కవయిత్రివి అయిపోయావు. నీకు తెలియదు కానీ, ఆ ఉత్తరం చూశాక నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక్కడ చెయ్యి కుదిరింది. ఖైమా ఎక్కువ పిసికితే గట్టిపడుతోంది, అందుకని కలిపీ కలపనట్టు వేళ్ళతో కలుపుతున్నాను. ఉల్లిపాయ తురిమి నీళ్ళతో సహా వేస్తే మాంసం ఎండిపోవడం లేదు. పాలలో నానిన బ్రెడ్డు ముక్క కూడా వేస్తున్నాను. బిళ్ళలు తట్టి, మధ్యలో బొటనవేలితో గుంట నొక్కి, గంటసేపు చల్లటి చోట పెడితే పెనం మీద విరగవు. పూర్తిగా ఉడికిందో లేదో కోసి చూస్తున్నాను, లోపల గులాబీ రంగు కనిపిస్తే మళ్ళీ పెనం మీదికే. కంటికీ చేతికీ తెలిసేవన్నీ వచ్చేశాయి. ఇక సేజ్ సంగతి తేలాలి. మేనేజరుకి సేజ్ అంటే ఇష్టమట, అది లేని టర్కీ టర్కీ కాదట. కిలోకి ఎంత వెయ్యాలో నువ్వే చెప్పాలి.

వచ్చే నెల మీ అన్నయ్య లారీ మీ ఊరి మీదుగా వెళ్తుంది. నీ ఇంట్లో ఒక పూట భోంచేసి రమ్మన్నాను. తమ్ముడికి కబురు చెప్పి ఉంచు.

మీ వదిన

* * *

గ్రంథాలయం, బైండింగు గది
మార్చి 19

వదినా,

సేజ్ వేసి చేశాను. కిలోకి గుప్పెడు. నిండు గుప్పెడు ఆకులు, సన్నగా తరిగి. ఆ ఆకుకి అడవిలో తిరిగొచ్చిన మనిషి ఒంటి వాసన ఉంటుంది, వెన్నలో పడ్డాక మెత్తబడి మాంసాన్ని కడుపులో పెట్టుకుంటుంది. ఆయనకి చాలా నచ్చింది.

అన్నయ్యని ఈసారి రావొద్దని చెప్పు. ఇంటికి సున్నం వేయిస్తున్నాం, సామానంతా నడి గదిలో పోసి ఉంది, కూర్చోవడానికి చోటుండదు. ఇంకోసారి వస్తారులే.

నీ మరదలు

* * *

మిల్లు క్యాంటీన్, సామాన్ల గది
ఏప్రిల్ 2

పిట్టా,

గుప్పెడంటే నీ గుప్పెడా, నా గుప్పెడా? నీ చెయ్యి చూస్తే పదేళ్ళ పిల్ల చెయ్యి, నాది గంగాళం తోమే చెయ్యి. పెద్దలు తిన్నాక మిల్లంతటికీ అవే పెడతారట, ముప్ఫై కిలోల మాంసానికి ముప్ఫై గుప్పెళ్ళు కోస్తే నా మడి బోడిగుండు అయిపోతుంది. నా చేతి కింది అమ్మాయి ఆకు తుంచి వాసన చూసి, ఇంత వేస్తారా అండీ అంది. నీ పని నువ్వు చూసుకో అన్నాను. అన్నానే కానీ ఆ రాత్రి నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను.

నువ్వు నిజంగా చేసి, నోట్లో పెట్టుకుని చూశావు కదా? ఆ ఒక్క మాట వెంటనే రాయి. నేను నమ్మింది నిన్నే.

వదిన

* * *

గ్రంథాలయం, బైండింగు గది
ఏప్రిల్ 9

వదినా,

చూశాను. నీ గుప్పెడే వెయ్యి. భయపడకు.

మరదలు

* * *

ఇల్లు, వంటింటి గడప
ఏప్రిల్ 22

పిట్టా,

అయిపోయింది.

పదకొండు మంది వచ్చారు. తెల్లటి గుడ్డ పరిచి, బర్గర్లు వేడివేడిగా పెట్టాను. చూడటానికి ఎంత ముద్దుగా ఉన్నాయో తెలుసా, ఒక్కటి విరగలేదు, ఒక్కటి మాడలేదు. ఒకాయన కొరికి అలాగే ఆగిపోయాడు. పక్కావిడ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. మేనేజరు పూర్తిగా నమిలి మింగి, మంచినీళ్ళు తాగి, నాతో ఏం అన్నాడంటే, "అమ్మా, ఇది తిండిలా లేదు. మోకాలికి రాసుకునే మందులా ఉంది." ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

నేనూ ఒకటి తిన్నాను. నాకు తేడా ఏమీ తెలియలేదు. నీ దగ్గర దాచిన మాట ఇదే. జనవరిలో వచ్చిన జ్వరం పోతూ పోతూ నా ముక్కుని పట్టుకుపోయింది. వాసన అనేదే లేదు. కిరసనాయిలుకీ కాఫీకీ తేడా లేదు. కారం మండుతుంది, ఉప్పూ పులుపూ చేదూ తెలుస్తాయి, అంతకు మించి ఏం తిన్నా తడిపిన అట్టముక్క. డాక్టరు రావొచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆ రోజు చేదు తెలిసింది, సేజ్‌కి ఆ మాత్రం చేదు ఉంటుంది కాబోలు అనుకున్నాను. ముక్కు లేని వంటమనిషిని ఎవరు ఉంచుకుంటారు? మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు. మూడు నెలలుగా కొలతలతో, అలవాటుతో నెట్టుకొచ్చాను. ఈ బర్గరు ఒక్కటే కొత్తది. అందుకే నీ ముక్కు అరువడిగాను.

నీ తప్పేం లేదు. నేనే ఎక్కడో తికమకపడి ఉంటాను. నీకు అరకిలోకి కుదిరింది నాకు ముప్ఫై కిలోలకి కుదరలేదు. మే నెలాఖరున ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడు. మళ్ళీ ఒకసారి చేసి చూసి రాయవూ? మీ ఆయన తిన్నదే చాలు నాకు సాక్ష్యం.

వదిన

* * *

మేడ మీది గది
ఏప్రిల్ 28

వదినా,

ఈ ఉత్తరం పూర్తిగా చదివాక చింపెయ్యి. సగంలో చింపకు.

నేను ఒక్క బర్గరూ చెయ్యలేదు. ఆయన ఏదీ తినలేదు. ఆయన పోయిన నవంబరులోనే ఇంకొకామెతో వేరే ఊరు వెళ్ళిపోయారు. పెరడున్న ఇల్లు ఖాళీ చేసి, డిసెంబరు నుంచి ఈ గదిలో ఉంటున్నాను. చిరునామా వెనక రాశాను. ఇక్కడ నాకు పెరడు లేదు. నీ కొమ్మలు బైండింగు గదిలో బంక గిన్నెల పక్కన గాజు గ్లాసులో పెట్టాను, తొమ్మిదో రోజుకి నల్లబడ్డాయి. నేను బ్రెడ్డూ పాలూ తిని పడుకుంటున్నాను. అన్నయ్యకి తెలిస్తే లారీ వేసుకొచ్చి సామానుతో సహా నన్ను ఎక్కించుకుపోతారు, తర్వాత జీవితమంతా జాలిగా చూస్తారు. నువ్వు తమ్ముణ్ణి అడిగానని రాసిన ప్రతిసారీ, ఆ ఒక్క ఉత్తరంలో అయినా నాకు ఇల్లూ వాకిలీ ఉన్నాయనిపించేది. అబద్ధమైనా బాగుండేది వదినా.

వాసనలు ఒక పుస్తకంలోవి. వీపు విరిగిన పాత వంటల పుస్తకం ఒకటి కుట్టడానికి వచ్చింది. రాతిగోడ, అడవి మనిషి, అన్నీ అందులోవే. పేజీల మూలలు ఎలుకలు కొరికేశాయి, అంకెలు లేవు. బర్గరు పేజీ చివర "కిలో మాంసానికి" అని ఆగింది. తర్వాతి పేజీ అనుకుని నేను పెట్టినదాని మీద "నిండు గుప్పెడు సేజ్" అని మొదలైంది. ఏప్రిల్ పదహారున ఫారాలు, అంటే మడిచిన కాగితాల కట్టలు, కుట్టబోతుంటే మధ్యలో ఇంకో కాగితం దొరికింది. ఆ గుప్పెడు ఇరవై మందికి చేసే నిండు టర్కీ పొట్టలో కూరడానికి. బర్గరుకైతే కిలోకి ఆరు ఆకులు.

పదహారున తెలిసింది. నీకింకా నాలుగు రోజులుంది. గ్రంథాలయం ఫోను దగ్గరికి వెళ్ళి నంబరు తిప్పాను. మీ క్యాంటీన్ అమ్మాయి ఎత్తి, ఉండండి పిలుస్తాను అంది. నీ చెప్పుల చప్పుడు వినిపించింది. నేను పెట్టేశాను. ఆకు సంగతి చెబితే మిగతాదంతా చెప్పాల్సి వస్తుందని భయపడ్డాను. నీ ముక్కు సంగతి నాకు తెలియదు, వాసన చూసి నువ్వే సరిచేసుకుంటావని సర్దిచెప్పుకున్నాను. అది కూడా సాకేనని నాకు తెలుసు.

మరదలు

* * *

మిల్లు క్యాంటీన్
మే 7

నీ ఉత్తరం అందింది.

పేజీ తారుమారైనందుకు నాకు కోపం లేదు. వాడెవడో వెళ్ళిపోయినందుకు నీ మీద కోపం ఎందుకుంటుంది? నువ్వు ఫోను పెట్టేశావు. నేను చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాను. ఎవరో పెట్టేశారని ఆ అమ్మాయి అంటే, నా మరదలై ఉంటుంది, ఏడుపొచ్చి పెట్టేసి ఉంటుంది అనుకుని రోజంతా మురిసిపోయాను. అది తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

మేనేజరు గదికి నేనే వెళ్ళి నా ముక్కు సంగతి చెప్పేశాను. ఇంకొక అవకాశం వద్దన్నాను. గరిటె నా చేతి కింది అమ్మాయికి ఇచ్చారు. నాకు కూరగాయల బల్ల.

కొన్నాళ్ళు రాయకు.

* * *

మేడ మీది గది
జూన్ 2

వదినా,

రాయొద్దన్నావు. ఇరవై ఆరు రోజులు ఆగాను.

మొన్న ఆదివారం బర్గర్లు చేశాను. ఈసారి నిజంగా. నమ్మమని అడగను. కింది ఇంటావిడ మడిలో పార్స్లీ, థైమ్, సేజ్ అన్నీ ఉన్నాయి. ఆరు నెలలుగా ఆ మడి పక్కనుంచే మెట్లెక్కుతున్నాను, ఒక్కసారి తల తిప్పి చూడలేదు. ఆవిడ తలుపు కొట్టి, నాలుగు ఆకులు కోసుకోవచ్చా అని అడగడానికి నాకు గంట పట్టింది. నువ్వు పైనున్నావని చప్పుడే తెలియదమ్మా, ఊళ్ళో లేవనుకున్నాను అంది ఆవిడ. అరకిలోకి మూడు సేజ్ ఆకులే తుంచాను. నువ్వు రాసినట్టే ఉల్లిపాయ తురిమాను, గుంట నొక్కాను. ఒకటి విరిగింది.

వాసన గురించి రాయాలని కూర్చున్నాను. పుస్తకంలోలా మాటలు రావడం లేదు. ముందు ఉల్లిపాయ వాసన వచ్చింది. తర్వాత మాంసం వేగే వాసన. సేజ్ ఉందా లేదా అన్నట్టుంది, కొరికాక ముక్కు వెనక కొంచెం తెలిసింది. గది నిండా ఆ వాసన ఉండిపోయింది. ఈ గదికి ఇన్నాళ్ళూ ఏ వాసనా లేదని అప్పుడు తెలిసింది.

నాలుగు అయ్యాయి. ఒకటి తిన్నాను, మూడు మిగిలాయి. ఎవరూ రాలేదు వదినా. ఎవరినీ పిలవలేదు కూడా, పిలవడానికి ఎవరూ లేరు. ఈ మాట ఎవరికైనా చెప్పడం ఇదే మొదటిసారి.

నీకు వంటగది లేకుండా చేశాను. క్షమించమని అడిగే మొహం లేదు. జవాబు రాయకపోయినా ఇక నేను నిజమే రాస్తాను.

మరదలు

* * *

నీ గది
జూన్ 15, మధ్యాహ్నం

ఏమే పిట్టా,

తలుపు తీసి ఉందని హడలిపోకు. దొంగ కాదు, నేనే. కింది ఇంటావిడ తాళం తీసింది. చెప్పి వస్తే గది సర్దేసి, నవ్వుమొహం పెట్టుకుని, ఇంకో నాలుగు కథలు అల్లి ఉంచుతావని చెప్పకుండా వచ్చాను. సర్దని గదే చూశాను. ఒక గిన్నె, ఒక ప్లేటు, ఒక గ్లాసు, బ్రెడ్డు పొట్లం. మంచం మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. నువ్వు లేవు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

నిన్ను మనసులో నానా మాటలూ అన్నాను, అది నిజం. రోజుకి పది కిలోల క్యారెట్లు తరుగుతూ ప్రతి ముక్కకీ ఒక తిట్టు తిట్టాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. "ఎవరూ రాలేదు" అన్న చోట చదవడం ఆగిపోయింది. మీ అన్నయ్యకి అంతా చెప్పాను, నా ముక్కు సంగతి కూడా. ఆయన లారీ తాళాలు తీసుకున్నారు. సామాను ఎక్కించడానికి కాదులే, నేనే ఒట్టు వేయించుకున్నాను. నన్ను వీధి మొదట్లో దింపేసి సరుకు దించడానికి వెళ్ళారు. ఎల్లుండి తిరిగొస్తారు.

ఇరవై రెండేళ్ళలో నేను ఒక్క రోజు కూడా పూర్తిగా వంటగది వదిలి ఎక్కడికీ రాలేదు. నీ పెళ్ళికి కూడా వడ్డన కాగానే వెళ్ళిపోయాను, గుర్తుందా? నేను లేకపోతే మూడు వందల మంది పస్తుంటారని బడాయి. మొన్న మేనేజరుని మూడు రోజులు సెలవు అడిగితే, తల కూడా ఎత్తకుండా వెళ్ళి రండమ్మా అన్నాడు. బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఇక నేను లేకపోయినా అక్కడ ఎవరికీ తెలియదు. అలా అయింది కాబట్టే రాగలిగాను. సంతోషించాలో ఏడవాలో నువ్వే చెప్పు.

ఖైమా కొనడానికి బజారుకి వెళ్తున్నాను. నువ్వు ఐదున్నరకి వస్తావట కదా, ఆలోపు వచ్చేస్తాను. నేను కలుపుతాను, నువ్వు పెనం దగ్గర నిలబడి ఏం వాసనొస్తోందో చెప్పు. ఏ వాసనా రాకపోతే రావడం లేదనే చెప్పు.

నీ గదిలో కుర్చీ ఒక్కటే ఉంది. కింది ఇంటావిణ్ణి ఇంకోటి అడిగి తెచ్చి ఉంచు.

వదిన